వెనక్కి వచ్చిన సూప్ గిన్నె

పూర్వం ఫ్రాన్సు రాజుగారి కోటలో గాస్పార్ అనే పెద్ద వంటవాడు ఉండేవాడు. చెయ్యి బంగారమే గానీ, ఏ చిన్న పొరపాటు జరిగినా నెపం పక్కవాళ్ళ మీదికి నెట్టే గుణం అతనిది. రొట్టె మాడితే పొయ్యి దగ్గరివాణ్ణి తిట్టేవాడు. పాలు విరిగితే పాలవాణ్ణి తిట్టేవాడు. వానకి కట్టెలు తడిస్తే ఆకాశాన్ని కూడా నాలుగు మాటలు అనేవాడంటే చూడండి!

ఆ ఏడు చలికాలంలో రాజుగారి తల్లి జబ్బుపడింది. కోడి సూప్ తప్ప మరేదీ పెట్టొద్దన్నారు వైద్యులు. వంటశాలలో సూప్ కాచేది బెర్త్ అనే ముసలామె. భర్త పోయాక ఆ పొయ్యినే నమ్ముకుని బతుకుతోంది పాపం. ఆమె సూప్ కాస్తుంటే ఆ వాసనకి కాపలావాళ్ళు గుమ్మం దగ్గరే తచ్చాడేవారు. అయినా రాజమాతకి పంపిన గిన్నె నిండుగానే వెనక్కి వచ్చేది.

ఒకరోజు కోట అధికారి వంటశాలకి వచ్చాడు.

"గాస్పార్, రాజమాత నీరసించిపోతున్నారు. ఆమె చేత నాలుగు చెంచాలు తాగించలేని వంటవాడు మాకెందుకయ్యా?" అన్నాడు.

గాస్పార్ గుండెల్లో రాయి పడింది. "తప్పు నాది కాదండీ! ఈ బెర్త్‌కి వయసు మీదపడింది. ఉప్పు ఉందో లేదో కూడా తెలియడం లేదు" అనేశాడు.

"ఒక్కసారి రుచి చూసి ఆ మాట అను బాబూ" అంది బెర్త్. గాస్పార్ చూడలేదు. అధికారి ఆమెని పనిలోంచి తీసేశాడు. బెర్త్ తన గరిటె కడిగి, తుడిచి, గోడకి తగిలించి వెళ్ళిపోయింది.

మర్నాడు గాస్పార్ స్వయంగా సూప్ కాచాడు. రుచి చూసి తనే మురిసిపోయాడు. ఆ గిన్నె కూడా నిండుగానే వెనక్కి వచ్చింది! ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు. గరిటె తిప్పింది తనే, ఉప్పు వేసింది తనే. ఇంకేం చేస్తాడు? మరో గిన్నె నింపించి, దాని వెంటే తనూ బయల్దేరాడు.

అమ్మో, ఎంత దూరం! రాజకుటుంబానికి పొగ తగలకూడదని వంటశాలని కోటకి ఆ చివర కట్టారు. మంచు పడుతున్న పెరడు దాటాలి. ప్రతి గుమ్మం దగ్గరా కాపలావాడు మూత తీసి చూసేవాడు. చివర్లో ఇంకొకడు ఒక చెంచా తాగి, విషం లేదని తేలేదాకా నిలబడేవాడు. రాజమాత మంచం చేరేసరికి సూప్ మీద కొవ్వు మైనంలా గడ్డకట్టింది. ఇన్నేళ్ళలో గాస్పార్ ఒక్కసారీ ఆ దారిన నడవలేదు.

"చల్లారిపోయిందని ఒక్క మాట చెప్పి పంపలేకపోయారా తల్లీ?" అన్నాడు గాస్పార్.

"చెబితే ఎవరి ఉద్యోగమో పోతుంది నాయనా. అందుకే ఊరుకున్నాను" అంది రాజమాత.

గాస్పార్‌కి తల కొట్టేసినట్టయింది. జబ్బు మనిషి, ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆకలితో పడుకుంది. తానేమో అబద్ధమాడి ఆ అన్యాయమే చేశాడు.

పరుగున ఊళ్ళోకి వెళ్ళాడు. బెర్త్ ఒక పూటకూళ్ళ ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"కళ్ళనీళ్ళు చూసి జాలిపడకు, ఇవి ఉల్లిపాయలవి" అంది బెర్త్.

"నావి మాత్రం ఉల్లిపాయలవి కావమ్మా. నీ మీద నింద వేశాను. నన్ను క్షమించు" అన్నాడు గాస్పార్.

బెర్త్ కత్తి పక్కన పెట్టింది. "ఈ మాట నాకు కాదు, ఆ అధికారికి చెప్పు" అంది.

గాస్పార్ చెప్పాడు. వంటశాలలో అందరి ముందూ, తల దించుకుని, "తప్పు బెర్త్‌ది కాదు. ఆమె మీద అబద్ధం చెప్పాను. నా ఉద్యోగం తీసేసినా సరే, ఆమెది ఆమెకి ఇచ్చేయండి" అన్నాడు. సంగతి విన్న రాజమాత ఇద్దర్నీ పనిలో ఉంచమంది. తన పక్క గదిలోనే బొగ్గుల కుంపటి పెట్టించమంది. బెర్త్ ఆ కుంపటి మీద సూప్ వేడిచేసి, పొగలు కక్కుతుండగానే చేతికి అందించింది.

ఆ రోజు గిన్నె ఖాళీగా వెనక్కి వచ్చింది. గాస్పార్ దాన్ని తనే కడిగాడు.

నీతి: పని చెడితే తప్పు ఎక్కడుందో మనమే వెళ్ళి చూడాలి; చూడకుండా ఎదుటివాళ్ళ మీద నింద వేస్తే, ఏ పాపం ఎరగనివాళ్ళ కూడు పోతుంది.