మేఘాంబరానికి పిల్లిగండం

రత్నవలస ఏలే జగ్గభూపతి మహారాజుకి ఒకనాడు పులుసన్నంలో చెయ్యి పెట్టగానే ఓ ఆలోచన తట్టింది. తట్టిందే తడవు, చెయ్యి కడుక్కోకుండానే చాటింపు వేయించాడు. వచ్చే అమావాస్య నుంచి వాలుగపేట నేతబట్ట కోటలోకి రాకూడదు, సంతలో అమ్మకూడదు. నేసిందంతా వస్త్రాధికారి పరాంకుశం గారి ఏనుగులకి పరుపులు కుట్టడానికి ఊరికే ఇచ్చెయ్యాలి.

దీనికంతటికీ కారణం మేఘాంబరం. దాని పక్కన నాటుబట్ట కనబడితేనే రాజుగారికి నామోషీ.

మేఘాంబరం అలాంటిలాంటి బట్ట కాదు. నలభై మూరల తానుని చిటికెనవేలి ఉంగరంలోంచి లాగుతుంటే, పక్కనుంచి చీమలబారు దర్జాగా నడిచిపోయేంత చోటు మిగిలేది. ఆరేస్తే పొగమంచనుకుని కొంగలు దారి తప్పేవి.

దాన్ని తెప్పించేవాడు పరాంకుశమే. ఆయన సభలో దాని చరిత్ర మొదలుపెడితే మూడు పూటలు పట్టేది. చంద్రద్వీపంలో కన్నెపిల్లలు ఉపవాసముండి తామరతూళ్లలోంచి దారం తీస్తారట. ఆ తాను ఏడు సముద్రాలు దాటి, తొమ్మిది వందల ఒంటెలు మారి వస్తుందట. దారిలో దానికోసం ఇద్దరు సుల్తానులు మీసాలు పట్టుకుని కొట్టుకున్నారట. తానుకో ఏనుగు చొప్పున ఆయన ఇప్పటికి పదకొండు ఏనుగుల్ని ఇంటికి తోలుకుపోయాడు.

ఆ కోటలోనే పోలినాయుడని ఒకడున్నాడు. రాజుగారికి తలపాగా చుట్టడం అతని కొలువు. అతను చుట్టిన పాగాకి నూట ఎనిమిది మడతలు. గాలివానకి కోట బురుజు ఎగిరిపోయిన రోజున కూడా రాజుగారి పాగాలో మడత కదల్లేదు.

చాటింపు అయిన మర్నాడు, మేఘాంబరంతోనే పాగా చుట్టమని రాజు ముచ్చటపడ్డాడు. పోలినాయుడి వేళ్లు మూడో మడత దగ్గర ఆగిపోయాయి. ఆ నూలు అతనికి తెలుసు. వాలుగపేటలో తన ఇంటి వసారాలో, తన పెళ్లాం పైడమ్మ వడికిన నూలది. పద్దెనిమిదేళ్లుగా ఆ దారం అతని వేళ్లకి అలవాటు.

సంగతి అప్పుడర్థమైంది. పరాంకుశం వాలుగపేట బట్టని ముతకదని తోసిపుచ్చి, గంపెడు తవుడు పడేసి పుచ్చుకుని, దానికే చంద్రద్వీపం పేరు పెడుతున్నాడు. అమావాస్య దాటితే ఆ తవుడు కూడా ఇవ్వక్కర్లేదు. మూడు వందల ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవదు.

చెబుదామంటే, తొమ్మిది వందల ఒంటెల ముందు ఒక పాగావాడి వేళ్లు చెప్పే సాక్ష్యం ఎవరు వింటారు? అందుకని పోలినాయుడు అమాయకంగా మొహం పెట్టి, సభలో అందరూ వినేలా మనవి చేసుకున్నాడు. వస్త్రాగారంలో మేఘాంబరాలూ మా ఊరి తాన్లూ కలిసిపోయాయి బాబూ, తెలియక రేపు ఏలినవారి తలకి నాటుబట్ట చుడితే నా తల ఉంటుందా, అన్నాడు. వేరుచెయ్యడానికి ఉపాయం కూడా తనే చెప్పాడు. వాలుగపేటలో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్లంత సన్నటి దువ్వెన ఇంకెక్కడా లేదు. ఆ నీచువాసన ఏడు ఉతుకులకైనా వదలదు, మనిషి ముక్కుకి అందదు, పిల్లికి మాత్రం ఆమడ దూరంనుంచి తెలుస్తుంది.

రాజు ఉబ్బిపోయాడు. రేపు సభకి మంగతాయారుని తీసుకురమ్మన్నాడు. మంగతాయారంటే రాజమాత పెంచుకున్న పిల్లి, పెయ్యదూడంత ఉంటుంది.

మర్నాడు పరాంకుశం సభలో అడుగుపెట్టేసరికి ఈగలు మూర్ఛపోయాయి. మేఘాంబరాల మీద పదకొండు కడవల అత్తరు గుమ్మరించి, తాన్లన్నీ చంటిబిడ్డల్లా చంకలో పెట్టుకొచ్చాడు.

మంగతాయారుని కింద దించారు. అది ఆవులించింది. తోక దులిపింది. ఎటూ తోచక పరాంకుశం వైపు రెండడుగులు వేసింది.

అంతే, ఆయన తాన్లతో సహా సింహాసనం వెనకున్న స్తంభం ఎక్కేశాడు. ఎనభై ఏళ్ల మంత్రిగారి భుజమ్మీద కాలు పెట్టి మరీ ఎక్కాడు.

"ఏమయ్యా పరాంకుశం," అన్నాడు రాజు, మెడ పైకెత్తి. "తామరతూళ్ల బట్టతో పిల్లికేం పని?"

"దాన్ని ముందు అవతలికి పట్టుకెళ్లమనండి మహారాజా. దానికి వాసన తగిలిందంటే..."

"ఏ వాసన?"

పరాంకుశం తాన్లని ఇంకాస్త పైకి లాక్కున్నాడు. కింద మంగతాయారు అత్తరు ఘాటుకి మూడుసార్లు తుమ్మి, ముడుచుకుని పడుకుంది. రాజు పోలినాయుడి వైపు తిరిగాడు. పిల్లి ఏ తానునీ పట్టలేదే, నీ పరీక్ష తప్పిందా, అన్నాడు.

పోలినాయుడు చేతులు కట్టుకున్నాడు.

"ఏడు ఉతుకులన్నది నేనాడిన అబద్ధం బాబూ, ఆ వాసన ఒక్క ఉతుకుతో పోతుంది. ఈ పిల్లి పెరుగన్నం మీద పెరిగింది, చేప మొహమే ఎరగదు. ఆ బట్టకి చేప దవడ తగిలిందని ఈ సభలో కనిపెట్టింది పిల్లి కాదు, పరాంకుశంగారు."

అప్పుడు రాజు నవ్వాడు చూడండి, గాలివానకి కదలని పాగాలో నూట ఎనిమిది మడతలూ ఒక్కసారి ఊడి మెళ్లో పడ్డాయి. ఆ నవ్వు వాలుగపేట దాకా వినిపించి, రాట్నాలు వాటంతటవే రెండు చుట్లు తిరిగాయి.

చాటింపు రద్దయింది. పదకొండు ఏనుగులూ వాలుగపేటకి తోలించారు, బట్ట అక్కణ్ణించి నేరుగా కోటకి మోసుకురావడానికి. నీకేం కావాలో కోరుకోమంటే, పోలినాయుడు ఒక్క తాను అడిగాడు. పద్దెనిమిదేళ్లుగా రాజుల ఒంటికి నూలు వడికిన పైడమ్మ, తన నూలుతో నేసిన చీర కట్టుకోవడం అదే మొదటిసారి.

పరాంకుశం ఎప్పుడు దిగాలని పైనుంచే అడిగాడు.

"మంగతాయారుకి మెలకువ వచ్చాక, అది సరేనంటే దిగు," అన్నాడు రాజు.

అది మూడు రోజులు పడుకుంది.