నాగన్న దవడ పన్ను

పెన్న ఒడ్డున ఉన్న ఒక దర్గాలో హకీం బందగీ సాహెబ్ పంటి నొప్పులకు వైద్యం చేసేవాడు. ఆయన దగ్గర పదకొండేళ్లు పని నేర్చుకున్న మౌలాలికి, పన్ను పీకడంలో గురువును మించిన చెయ్యి అని పేరొచ్చింది. ఆ పేరు అతని చెవినా పడింది. అప్పట్నుంచి నడకే మారిపోయింది.

గురువు పొరుగూరు వెళ్లినప్పుడు నాగన్న అనే నేతగాడు దవడ పట్టుకుని వచ్చాడు. వెంట భార్య ఓబులమ్మ ఉంది. మౌలాలి నోరు తెరిపించి, పుచ్చిపోయిన పన్ను చూశాడు. పట్టకారు వేసి ఒక్క ఊపున లాగేశాడు. నాగన్న అరవనైనా లేదు. చూస్తున్నవాళ్లు "అబ్బ, ఏం చెయ్యి!" అన్నారు.

నెత్తురు మాత్రం ఆగలేదు.

దూది కుక్కాడు. పటిక పొడి అద్దాడు. గుడ్డ మీద గుడ్డ తడిసిపోయింది. చివరికి బండి కట్టించి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కాలేయం ఎప్పుడో చెడిపోయిందనీ, అలాంటి ఒంట్లో నెత్తురు తొందరగా గడ్డకట్టదనీ అక్కడి డాక్టరు చెప్పాడు.

మూడో రోజు నాగన్న పోయాడు.

గురువు తిరిగొచ్చేసరికి మౌలాలి అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"హజ్రత్, నా చెయ్యి వణకలేదు. పన్ను వేరుతో సహా వచ్చింది. చిగురు చీలలేదు. లోపలి కాలేయం సంగతి నాకెట్లా తెలుస్తుంది? ఇందులో నా తప్పేముంది?"

హకీం చెప్పులు తొడుక్కున్నాడు.

"రా" అన్నాడు.

ఇద్దరూ నాగన్న ఇంటికి నడిచారు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. ఓబులమ్మ వాళ్లను చూసి లేచింది. తిడుతుందనుకున్నాడు మౌలాలి. తిడితే బాగుండనీ అనుకున్నాడు. ఆమె లోపలికెళ్లి చాప తెచ్చి పరిచింది.

హకీం చాప మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "అమ్మా, ఆయన ఒంట్లో ఎట్లా ఉండేది?"

"ఏం చెప్పేది సామీ! రెండేండ్లుగా కండ్లు పచ్చగా ఉండె. పొట్ట ఉబ్బేది. మగ్గం కట్టె కొంచెం తగిలినా ఒళ్లు కమిలిపోయేది. పొద్దున పండ్లు తోముకుంటే ఎంతసేపటికీ నెత్తురు ఆగేది కాదు. నాకు భయమేసేది."

హకీం తలూపాడు.

ఓబులమ్మ మౌలాలి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఆ పొద్దు నేను ఆయన పక్కనే కూర్చోనుంటి కదా నాయనా. అడిగింటే చెప్పేదాన్ని."

మౌలాలి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎండ వాలిపోయేదాకా ఆ చాప మీదే కూర్చున్నాడు. హకీం అతణ్ణి లేవమనలేదు.