నీడలో తవ్విన చెలమ

తునికిమెట్ట అడవిలో ఒక ఎలుగు, ఒక నక్క, ఒక దుప్పి, ఒక కుందేళ్ళ గుంపు, పిల్లలతో ఒక అడవిపంది ఉండేవి. వీటిలో తెలివైనది ఒక్కటే. నేను కూడా ఆ అడవిలో ఉండి ఉంటే, అప్పుడూ ఒక్కటే.

ఏటా ఎండాకాలంలో అక్కడి వాగు ఎండిపోయేది. జంతువులన్నీ కలిసి ఇసుకలో గుంట తవ్వి, అందులో ఊరిన నీళ్ళు తాగేవి. ఆ గుంటను చెలమ అంటారు. ఆ ఏడు ఎండలు మరీ ముదిరాయి. చెలమలో నీళ్ళు పడకపోతే ఎవరి ప్రాణాలూ దక్కవు.

అడవిపంది వాగు పొడవునా నేల వాసన చూసుకుంటూ వెళ్ళింది.

"మలుపు దగ్గర తడి వాసన తగులుతోంది. అక్కడ తవ్వుదాం" అంది.

అన్నీ మలుపు వైపు చూశాయి. అక్కడ ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఆ ఎండలో ఎవరు తవ్వుతారమ్మా పందక్కా?" అంది ఎలుగు. "గట్టు మీద చింతచెట్టు కింద తవ్వుదాం. చల్లగా ఉంటుంది."

"చల్లగా ఉంటుంది సరే మామా, నీళ్ళుంటాయా?"

"ముందు తవ్వేవాళ్ళకి సుఖంగా ఉండాలి కదా! నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

"మామ గోళ్ళు చూశారా?" అంది నక్క. "ఆ గోళ్ళు ఎక్కడ దిగితే అక్కడ నీళ్ళే!"

కుందేళ్ళు చెవులు ఊపాయి. దుప్పి అప్పటికే నీడలో పడుకుంది.

చింతచెట్టు కింద ఎర్ర మట్టి వచ్చింది. దాని కింద రాళ్ళు వచ్చాయి. రాళ్ళ కింద పెద్ద రాళ్ళు వచ్చాయి.

అడవిపంది తన పిల్లలతో మలుపుకు వెళ్ళి, ఎండలోనే మూతితో తవ్వింది. నీళ్ళు పడ్డాయి. అది పరుగున వచ్చి అందరినీ పిలిచింది.

"ఇంత తవ్వాక వదిలేసి రమ్మంటావా?" గుంటలోంచి అరిచింది ఎలుగు. "ఇంకొక్క మూరెడు!"

"నిన్నా మూరెడే అన్నావు మామా."

ఒక కుందేలు మలుపు వైపు కదలబోయింది. నక్క దాని చెవిలో, "ఇప్పుడు వెళ్ళావంటే, ఇన్నాళ్ళూ తెలివితక్కువగా తవ్వినట్టు ఒప్పుకున్నట్టే కదా?" అంది. కుందేలు ఆగిపోయింది.

నక్క మాత్రం అప్పుడప్పుడూ మలుపు దాకా వెళ్ళి, మూతి తుడుచుకుంటూ తిరిగి వచ్చేది.

దుప్పి నీడలో పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. కుందేళ్ళ గుంపు పలచబడింది. ఒకరోజు గుంటలో తవ్వుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆ తర్వాత వానలు వచ్చాయి. చింతచెట్టు కింది గుంట అంచుల దాకా నిండింది.

"చూశారా!" అంది నక్క. "నీళ్ళు పడ్డాయా లేదా? మామ ఊరికే అన్నాడా?"

మిగిలిన కుందేళ్ళు గుంటకు దండం పెట్టాయి.

మరుసటి ఏడు వాగు మళ్ళీ ఎండింది. "మలుపు దగ్గర తవ్వుదాం" అంది అడవిపంది. కుందేళ్ళు ఎండ వైపు చూశాయి, చింతచెట్టు వైపు చూశాయి. నీడలోకి వెళ్ళి తవ్వసాగాయి.

"అమ్మా, వాళ్ళకి ఇంకోసారి చెప్పవా?" అంది పంది పిల్ల.

"చెప్పాను నాన్నా. వాళ్ళకి అక్కడ చల్లగా ఉందట" అంటూ అడవిపంది ఎండలోకి నడిచింది.

నీతి: తప్పు చోట ఎంత తవ్వినా లోతు పెరుగుతుంది కానీ నీళ్ళు పడవు.