సింగమ్మ పేరు

వెనకటికి ఒకానొక రాజ్యంలో రణభైరవుడనే రాజు ఉండేవాడు. మా తాతయ్య వసారాలో నులకమంచం మీద పడుకుని ఆ రాజు కథ చెబుతుంటే, ఎన్నిసార్లు విన్నా మళ్లీ చెప్పమనేవాళ్లం.

ఆ రాజుకు తన తాతగారు రాయించిన ధర్మశాసనమంటే మహా గర్వం. అందులో ఒక్క అక్షరం కూడా మార్చనిచ్చేవాడు కాదు.

ఒకనాడు సింగమ్మ అనే కుమ్మరి కొలువుకు వచ్చింది. ఆమెకు చిన్ననాడే ఒక కాలు చచ్చుబడింది. కుండలు మోసుకుని ఊరూరా తిరగలేకపోతున్నానని, సంతలో కాస్త చోటిప్పించమని అడిగింది. కొలువులో రాతకోతలు చూసే పేరన్న శాసనం తీసి చదివాడు.

"పరుల ఊతం లేక మెట్టెక్కలేనివారు కుంటివారు. వారి పేరుకు ముందు కుంటి అని చేర్చి, దండోరా వేయించి, చోటియ్యవలెను."

సింగమ్మ ముఖం చిన్నబోయింది.

"అయితే నాకా చోటొద్దు దొరా. ఈ ఊళ్లో నా కుండ లేని వంటిల్లు లేదు. అందరూ నన్ను సింగమ్మ అనే పిలుస్తారు" అని, చేతికర్ర పట్టుకుని వెళ్లిపోయింది.

శాసనంలోంచి కుంటి అనే మాట తీసేద్దామని పేరన్న విన్నవించాడు. రాజు కసురుకున్నాడు. శాసనం అందరికీ ఒకటేనన్నాడు.

నెల తిరగకుండా రాజు పట్టాభిషేకానికి పాతికేళ్లు నిండాయి. శిలమీద చెక్కించడానికి నాలుగు మాటలు రాయమని పేరన్నకు చెప్పాడు. మోకాళ్ల నొప్పులతో అప్పటికే ఏడాదిగా ఇద్దరు భటులు పట్టుకుంటే తప్ప రాజు సింహాసనం మెట్లు ఎక్కలేకపోతున్నాడు.

పేరన్న నిండుకొలువులో తాటాకు విప్పి చదివాడు.

"శ్రీమన్మహారాజ కుంటి రణభైరవ భూపాలుడు..."

కొలువులోని వాళ్లంతా రాజు వైపు చూశారు.

"ఎవరు రాశారిది?" అన్నాడు రాజు.

"తమ తాతగారే ప్రభూ. నేను పేరు మాత్రం చేర్చాను."

రాజు మోకాలు తడుముకున్నాడు. తర్వాత మెల్లగా మాట్లాడాడు. చివరి రోజుల్లో తాతగారికి చూపు పోయిందట. తానే చిన్న చెయ్యి అందించి ఆయన్ని పూలతోటకు తీసుకెళ్లేవాడట.

"ఏ పువ్వు పూసిందో వాసన చూసి చెప్పేవారు. ఆయన్ని గుడ్డిరాజని ఒక్కరూ అనలేదు పేరన్నా" అన్నాడు. మళ్లీ తాటాకు వైపు చూసి, ఈసారి పకపకా నవ్వేశాడు.

సింగమ్మను పిలిపించి, ఏమని రాయమంటావమ్మా అని అడిగాడు.

"ముందు పేరు రాయండి దొరా. కాలి సంగతి అవసరమైతే తరవాత రాయండి."

పేరన్న శాసనమంతా అలాగే తిరగరాశాడు. రాజు తన భుజం మీది శాలువా తీసి అతనికి కప్పాడు. మర్నాడు సంతలో దండోరా మోగింది, కుమ్మరి సింగమ్మగారికి చోటిచ్చారహో అని.

ఆ 'గారు' శాసనంలో లేదట. దండోరా వేసేవాడు తనంతట తానే చేర్చాడని తాతయ్య చెప్పేవాడు.