గవరమ్మ వంతు

అనగనగా అన్నానంటే ఊకొట్టాలి. మధ్యలో లేచి పోకూడదు.

ఒక రాళ్ల అడవిలో గవరమ్మ అనే ముళ్లపంది ఉండేది. దాని వెనక కాలొకటి వేటగాడి ఉచ్చులో పోయింది. మూడు కాళ్లతోనే తిరిగేది. తన దుంపలు తానే తవ్వుకునేది. ఒకరి చేత అయ్యో అనిపించుకోవడం దానికి అస్సలు కిట్టదు.

ఆ ఏడు ఎండలకు వాగు ఎండిపోయింది. జంతువులన్నీ కలిసి వాగు ఇసుకలో చెలమ తవ్వాయి. తవ్వడంలో గవరమ్మను మించినవాళ్లు లేరు. ఎక్కువ ఇసుక తోడింది అదే. చెలమలో నీళ్లు కొంచెం కొంచెంగా కదా ఊరేది, అందుకని వంతులు పెట్టుకున్నారు. కొంగ రాయి మీద నిలబడి పేరు పిలుస్తుంది. మూడుసార్లు రెక్కలు టపటపా కొడుతుంది. ఆలోపు గట్టు దిగి వచ్చినవాళ్లకే నీళ్లు. రాకపోతే వంతు పోయినట్టే. అందరూ తాగాక మిగిలింది తాగాలి. మిగిలేదేముంది, బురద.

గవరమ్మ కుంటుకుంటూ ఆ నిటారు గట్టు సగం దిగేసరికి మూడో చప్పుడు అయిపోయేది. రోజూ అంతే. దాహంతో నాలిక పిడచకట్టుకుపోయింది.

ముందు కొంగనే అడిగింది.

"కొంగ మావా, నేను దారిలోనే ఉన్నాను కదా, నీకు కనబడుతున్నాను కదా. కాస్త ఆగితే నీ రెక్కలు అరిగిపోతాయా?"

"రూలు అందరికీ ఒకటే గవరమ్మా. నేను కాళ్లు లెక్కపెట్టి పిలవను" అంది కొంగ.

"ఒంటికాలి మీద నిలబడి నాకు కాళ్ల లెక్కలు చెబుతున్నావా" అని గవరమ్మ గిర్రున తిరిగింది.

అక్కణ్ణుంచి అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి దగ్గరికి పోయింది. "తాతా, చెలమ తవ్వేటప్పుడు నేను పనికొచ్చాను. తాగేటప్పుడు పనికిరాలేదు. ఇది అన్యాయం. ఫిర్యాదు చెయ్యడానికే వచ్చాను" అంది.

ఎలుగుబంటి పుట్టతేనె నాక్కుంటూ, "విన్నానమ్మా, విన్నాను. తప్పకుండా చూద్దాం. వానలు పడనీ" అంది.

వానలు పడ్డాక చెలమ ఎవరిక్కావాలి! గవరమ్మకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చింది.

వచ్చేసరికి గుమ్మంలో నక్క ఉంది. ఆకు దొప్పలో నీళ్లు పట్టుకొచ్చింది. చల్లటి నీళ్లు, తేటగా ఉన్నాయి.

"తాగు అత్తా" అంది నక్క. "ఇక నువ్వు రావద్దు, నీ పేరు పిలవడం మానేస్తాం. మాకు వీలైనప్పుడు జాలిపడి ఎవరో ఒకరం తెస్తాంలే. నీకూ సుఖం, మాకూ సుఖం."

గవరమ్మ ఆ నీళ్ల వంక చూసింది. గొంతు లాగేస్తోంది.

"ఇవి నా వంతు నీళ్లా?" అని అడిగింది.

"కాదు. ధర్మం చేస్తున్నాం."

"అయితే పట్టుకుపో. వచ్చిన దారి తెలుసుగా."

నక్క మూతి ముడుచుకుని పోయింది.

తెల్లారింది. చెలమకు దిగే దారి రెండు బండల మధ్య సందు. ఒక్కరే పట్టేంత సందు. గవరమ్మ ముందే వచ్చి, ఆ సందులో అడ్డంగా కూర్చుని, ముళ్లన్నీ లేపింది. ఎవరు తోస్తారు? దుప్పి ఆగింది. కుందేళ్లు ఆగాయి. నక్క ముక్కు దగ్గరగా పెట్టి, గుచ్చుకుని, వెనక్కి దూకింది.

ఎలుగుబంటి పరుగున వచ్చింది. "ఏమిటమ్మా ఈ పని? జరుగు."

"జరుగుతాను తాతా. మూడు కాళ్లదాన్ని కదా, నెమ్మదిగా జరుగుతాను. వానలు పడేసరికి జరిగిపోతాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలుగుబంటి తల గోక్కుంది.

అప్పుడు నిండు చూలాలైన దుప్పి ముందుకొచ్చింది. "తాతా, నిన్న నా వంతూ పోయింది. ఈ పొట్టతో గట్టు దిగలేకపోయాను. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు" అంది. ఒక ముసలి అడవిపంది కూడా, "నాదీ అంతే" అని గొణిగింది.

ఎలుగుబంటి వాళ్ల ముఖాలు చూసింది. కొంగ వైపు తిరిగింది. "ఇకనుంచి పేరు పిలిస్తే, వాళ్లు వచ్చేదాకా వంతు వాళ్లదే. గట్టు ఈ రోజే ఏటవాలుగా చెక్కుదాం" అంది.

"గట్టిగా చెప్పు తాతా. ఆ చివర ఉన్నవాళ్లకి వినబడలేదు" అంది గవరమ్మ.

ఎలుగుబంటి మళ్లీ చెప్పింది, గట్టిగా.

గవరమ్మ ముళ్లు దించింది. అందరూ కలిసి గట్టు చెక్కారు. తవ్వడానికి గవరమ్మే ముందుంది. సాయంత్రం కొంగ గవరమ్మ పేరు పిలిచింది. నక్క తోక ఊపుతూ వచ్చి, "పట్టుకో అత్తా, నేను దింపుతాను" అంది.

"దారి వదులు, చాలు" అంది గవరమ్మ.

ఒక్కో అడుగే వేసుకుంటూ దిగింది. వరసంతా ఆగింది. చెలమలో మూతి పెట్టి దాహం తీరేదాకా తాగింది. తీరాక ఇంకాస్త తాగింది.

నక్కతో మాత్రం ఇప్పటికీ మాట్లాడదు.

నీతి: మనకు హక్కుగా రావలసింది ఎవరైనా జాలిపడి ఇస్తే పుచ్చుకోకూడదు. నా వంతు ఏదని నోరు తెరిచి అడగాలి. అడిగినవాళ్లు నెమ్మదిగా వస్తే, ఆగడం మిగతావాళ్ల పని.