మంచం పక్క గూడు

నాగావళి ఒడ్డున ఉన్న విరజానందులవారి ఆశ్రమానికి శేషఫణి ప్రతి ఆదివారం వచ్చేవాడు. విశాఖపట్నంలో ఫోన్లకి యాప్‌లు తయారుచేసే కంపెనీలో అతనిది పెద్ద ఉద్యోగం. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాడు. గురుసేవ అంటే అతని దృష్టిలో గురువుగారి గదిని బాగుచేయడం. ఒక వారం పుస్తకాల బీరువా మూల మార్చాడు. మరో వారం నీళ్లకూజాకి స్టాండు తెచ్చి తలుపు వెనక నిలబెట్టాడు. గురువుగారు స్టాండు తగిలిన మోకాలికి కొబ్బరినూనె రాసుకునేవారు. వంటమనిషి పైడితల్లమ్మ మాత్రం ఊరుకునేది కాదు.

"ఈ బాబు వచ్చెళ్తే మల్లీ ఆదోరం దాకా ఎతుక్కోడానికే సరిపోతంది," అని అతనికి వినబడేలాగే గొణిగేది.

ఒక ఆదివారం శేషఫణి ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది.

"గురువుగారూ, నెలనెలా మా యాప్‌ని మారుస్తున్నాం. మారిన ప్రతిసారీ ముందుకన్నా బాగుంటుంది. నిద్ర మానుకుని చేస్తున్నాం. జనమేమో నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఇదిగో, 'మీ కాళ్లు పట్టుకుంటాను, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్యండి' అని రాశాడొకాయన. మంచి చేస్తుంటే వీళ్లకెందుకండీ ఇంత మంట?"

గురువుగారు నవ్వారు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఆయనకి ఎప్పటినుంచో ఉబ్బసం. నోట్లో పెట్టుకుని పీల్చే మందు పంపు మంచం పక్క గోడగూట్లో ఉండేది. ఆయన చెయ్యి దానంతటదే గూట్లోకి పోయింది. గూడు శుభ్రంగా తుడిచి ఉంది. చెయ్యి వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే తడుముకుంది.

శేషఫణి చటుక్కున లేచాడు. పోయిన వారం అది తీసింది తనే. మందులన్నీ ఒకేచోట ఉండాలని అరలున్న కొత్త పెట్టె తెచ్చి, అన్నీ అందులో సర్ది బీరువాలో పెట్టాడు. ఆ వారమంతా ఆయాసం రాకపోవడంతో ఎవరూ వెతకలేదు. పరుగున వెళ్లి బీరువా తెరిచాడు. పెట్టె లేదు. వెళ్లేముందు ఇంకా అనువుగా ఉంటుందని కిటికీ కింది బల్ల సొరుగులోకి మార్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సొరుగు లాగి, పెట్టెలో ఒక్కో అరా తెరుస్తున్నాడు. ఏ అరలో వేశాడో పెట్టినవాడికే తెలియడం లేదు. వెనక గురువుగారి ఊపిరి ఈల వేస్తోంది. పెదవులు నల్లబడుతున్నాయి.

"ఇలాగియ్యి బాబూ!" పైడితల్లమ్మ పెట్టె లాక్కుని నేలమీద బోర్లించింది. పంపు దొర్లి మంచం కిందికి పోయింది. శేషఫణి బోర్లా పడుకుని దాన్ని తీసి గురువుగారి నోటికి అందించాడు.

కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది. శేషఫణి ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు.

"మీకు సులువుగా ఉంటుందనే చేశానండీ..."

గురువుగారు పంపుని ఉత్తరీయంతో తుడిచి గూట్లో పెట్టారు. కళ్లు మూసుకుని చెయ్యి చాపి, అది అక్కడే ఉందని మరోసారి తాకి చూసుకున్నారు.

"పెట్టె చాలా బాగుంది నాయనా," అన్నారు. "నా చేతికి కూడా ఒక మాట చెప్పి ఉండాల్సింది."