బుల్లి పెట్టెలో సముద్రం

విశాఖపట్నంలో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో మృణాళిని పనిచేసేది. తుఫానులో చిక్కుకున్న పడవని ఒడ్డుకి చేర్చే ఆట ఒకటి ఆమె చేతి మీదుగా వచ్చి, ఖరీదైన కంప్యూటర్ల మీద మంచి పేరు తెచ్చుకుంది. అదే ఆటని పిల్లలు చేత్తో పట్టుకుని ఆడే చవక కన్సోల్‌కి మార్చమన్నారు. నెలల తరబడి తంటాలు పడింది. ఆ బుల్లి పెట్టెలో అల లేస్తే పడవ ఆగిపోయేది, పడవ కదిలితే అల ఆగిపోయేది. చివరికి యజమాని జగ్గారావు గారు ఆ పనే రద్దు చేసేశారు.

ఆ సాయంత్రం ఆమె తనకి ఈ విద్య నేర్పిన దైవసహాయం మాస్టారి ఇంటికి వెళ్లింది.

"రద్దవడమే మంచిదైంది మాస్టారూ. నా సముద్రం ఆ డొక్కు పెట్టెలో పట్టదు," అంది.

మాస్టారు సుద్దముక్క తెచ్చి గచ్చు మీద కొన్ని గళ్లు గీశారు. ఒక చివర ఒడ్డు అన్నారు. రెండో చివర ఓ చొక్కా బొత్తాం పెట్టి, ఆమె చేతిలో గవ్వలు పోశారు.

"ఇది నీ పడవ. ముగ్గురున్నారు. గవ్వలు వెయ్యి. వెల్లకిలా పడినన్ని గళ్లు ముందుకి. అన్నీ బోర్లా పడితే గాలి వెనక్కి కొడుతుంది."

ఆమెకి నవ్వొచ్చింది. పెద్దాయన మాట కాదనలేక వేసింది. పడవ కాస్త ముందుకి వెళ్లేది, గాలి మళ్లీ వెనక్కి లాక్కుపోయేది. కాసేపటికి ఆమె నవ్వడం మానేసింది. ఇంకొక్క గడి దాటితే ఒడ్డు అనగా మాస్టారు నెమ్మదిగా అన్నారు:

"వెనక ఒకడు నీళ్లలో పడ్డాడు. పిలుస్తున్నాడు."

బొత్తాం మీద ఆమె వేలు ఆగిపోయింది. ముందుకి జరపలేదు, వెనక్కి తిప్పలేదు.

"సముద్రం ఎక్కడుందమ్మా?" అని అడిగారు మాస్టారు.

ఆమె గచ్చు వైపు చూసింది. తర్వాత లేచి, ఆయనకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి కొత్తవి కలపడం మానేసి, ఉన్నవి తీసేయడం మొదలుపెట్టింది. నురగ తీసేసింది. మెరుపులు తీసేసింది. ప్రాణం ఒప్పకపోయినా, చినుకు చినుకూ తానే చెక్కిన వానని కూడా తీసేసింది. చీకటి, గాలి హోరు, నీళ్లలోంచి ఒక మనిషి పిలుపు మాత్రం ఉంచింది.

కన్సోల్ తీసుకెళ్లి జగ్గారావు గారి చేతిలో పెట్టింది. "రద్దు చేసిందేగా ఇది," అంటూనే ఆయన ఆడసాగారు. పడవ ఎక్కడా ఆగలేదు. పిలుపు వినిపించగానే ఆయన కుర్చీ అంచుకి జరిగారు. పడవని వెనక్కి తిప్పారు. పనులు వదిలేసి అందరూ చుట్టూ మూగారు. ముగ్గురూ ఒడ్డు చేరేసరికి గదంతా చప్పట్లు మోగాయి.

ఆయన చేతులు తుడుచుకుని, "విడుదల చేస్తున్నాం. వాన మాత్రం పెద్ద కంప్యూటర్లో కన్నా ఇందులోనే బాగా కురిసింది," అన్నారు.

మృణాళిని ఆ కబురు మోసుకుని మాస్టారి దగ్గరికి పరుగున వెళ్లింది. ఆయన అంతా విన్నారు.

"అందులో వాన లేదని చెప్పావా?"

"లేదు మాస్టారూ."

"మంచి పని చేశావు. తడిసొచ్చినవాడికి వాన లేదని చెప్పకూడదు."